రెండు తాళాల తలుపు

వారం రోజులుగా మా మేడమెట్ల మీదుగా ఒక వాసన కిందికి దిగి వస్తోంది. వరిగడ్డిలో మగ్గుతున్న చిన్నరసాల మామిడికాయల వాసన. మొదటిరోజు గడ్డి వాసనా జీడి వాసనా కలిసి ముక్కుకి కొంచెం ఘాటుగా తగిలింది, మూడోరోజుకి పులుపు తగ్గింది, ఇవాళ పొద్దున్న చారుకి పోపు పెట్టినా ఇంగువని కూడా పక్కకి తోసేసి ఇల్లంతా అదే నిండిపోయింది. మేడ మీది వాటాలో అద్దెకుండే రత్నకుమారి, పిల్లలకి సెలవులని చింతలపూడిలో పుట్టింటికి వెళుతూ, తన మంచం కింద గడ్డి పరిచి ఓ వంద కాయలు పేర్చి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "రోజుకోసారి తిప్పండి ఆంటీ, పండినవి తీసుకుని మీరు తినేయండి" అంది.

ఆ తాళంచెవి మా వంటింటి మేకుకి వేలాడుతోంది. భోజనాల బల్ల మీద ఇంకోటి ఉంది, అట్టపెట్టె కూడా విప్పని కొత్త తాళం. నిన్న సాయంత్రం మా ఆయన తెచ్చారు. మేడ మీది వాటాని కాలేజీ పిల్లలకి హాస్టలు పెట్టుకుంటామని ఒకరు అడుగుతున్నారు. రత్నకుమారినేమో ఖాళీ చెయ్యమని రెండుసార్లు అడిగాం, పెద్దపిల్ల పదో తరగతి అయ్యేదాకా ఉండనివ్వమంది, ఆ గదిలోనే ఆవిడ మిషను, ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళందరూ ఈ వీధిలోనే. ఎలాగూ ఊళ్ళో లేరు కదా, సామాను వెనక షెడ్డులో జాగ్రత్తగా సర్దించి మన తాళం వేసేద్దాం, వచ్చాక నాలుగు మాటలు అనుకుని వాళ్ళే వెళ్ళిపోతారు, కోర్టూ గీర్టూ అంటే ఏళ్ళు పడుతుంది అన్నారు మా ఆయన. ఆయన చెడ్డవారేం కాదు. ఆ మాట అన్నప్పుడు నేను ఊఁ అన్నాను. ఎందుకన్నానో తెలియదు గానీ అన్నాను, అప్పటినుంచీ ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

అసలు నేను కుదురుగా ఉండే మనిషినే కాదు. ఎక్కడికి బయల్దేరినా తలుపుకి తాళం వేసి ఒకసారి లాగి చూస్తాను, నాలుగు మెట్లు దిగి మళ్ళీ ఎక్కి ఇంకోసారి లాగుతాను, బస్సెక్కాక కూడా వేశానా లేదా అని పీకుతూనే ఉంటుంది. మా పిల్లలు దాన్ని నా జబ్బు అంటారు. నా పదో ఏట వేసవిలో అంటుకున్న జబ్బు అది, వాళ్ళకేం తెలుసు.

అప్పుడు మేం ఈ నూజివీడులోనే పెద్దబజారు వెనక సందులో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఇల్లు మాది కాదు, మామిడికాయల వ్యాపారం చేసే షావుకారు గారిది. అయినా ఊరంతా "గుడ్డి మామ్మగారి ఇల్లు" అనేవారు. ఆ మామ్మగారు మా నాయనమ్మ. నేను పుట్టకముందే ఆవిడకి చూపు పోయింది. వీధివైపు రెండు అరుగులు, తలుపు తీయగానే సావిడి, సావిడికి కుడిపక్కన లోపలినుంచి మాత్రమే దారి ఉన్న చీకటిగది, అవతల వంటిల్లు, పెరట్లో గిలకబావి, దాని పక్కన ఎంత కోసినా మళ్ళీ చిగురించే కరివేపచెట్టు. నాయనమ్మ మంచం నుంచి గడపకి ఏడు అడుగులు, వంటింటి నుంచి బావికి ఇరవై రెండు. ఆవిడ పొద్దున్నే లేచి ఎవర్నీ పిలవకుండా బావి దగ్గరికి వెళ్ళి, చేదతో నీళ్ళు తోడుకుని, స్నానం చేసి, తడిబట్ట ఆరేసి, వచ్చి బియ్యంలో రాళ్ళు ఏరేది. చూపున్న అమ్మ ఏరితే రాళ్ళు తగిలేవి గానీ ఆవిడ ఏరితే ఒక్కటి తగిలేది కాదు. అదే ఎవరింటికైనా తీసుకెళితే మాత్రం, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, మంచినీళ్ళు కావాలన్నా అడగడానికి మొహమాటపడుతూ మూట చుట్టుకుని కూర్చునేది. ఆ మనిషేనా ఈవిడ అనిపించేది నాకు.

మా ఊళ్ళో ఏడాది ఉగాదితో మొదలవుతుందని పంచాంగాలు చెబుతాయి గానీ, మాకు మాఘమాసంలో తోటల మీదినుంచి పూత వాసన వచ్చినరోజే మొదలయ్యేది. తర్వాత పిందెలు, గాలికి రాలిన పిందెల్ని ఉప్పూకారం అద్దుకుని పళ్ళు పులిసేదాకా తినడం, ఉగాది పచ్చట్లోకి లేతకాయ కోసం తోటమాలి వెంట పడటం, ఆపైన ఎండలు ముదిరాక ఆవకాయ. అమ్మ ముక్కల్ని పాతచీర మీద పోసి ఒక్కోదాన్నీ గుడ్డతో తుడుస్తుంటే నేను జీడి తీసి పారేసేదాన్ని. ఆవపిండి ఘాటుకి తుమ్ములొచ్చేవి, కలిపిన గిన్నెలో అడుగున మిగిలిన ఎర్రటి పిండిలో వేడన్నం కలిపి ముద్దలు పెడితే కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఇంకో ముద్ద అడిగేవాళ్ళం. ముసునూరు నుంచీ విస్సన్నపేట నుంచీ కాయల ట్రాక్టర్లు దిగేసరికి ఊళ్ళో ఖాళీ గదంటూ ఉండేది కాదు. బంగినపల్లులు గడ్డి బుట్టల్లో లారీలెక్కి ఎక్కడికో పోయేవి గానీ, రసాలు ఇక్కడే మగ్గాలి, అందుకని కాస్త చీకటిగా గాలాడకుండా ఉన్న గది ఎవరింట్లో ఉన్నా వ్యాపారులు వచ్చి అడిగేవారు, ఎవరూ కాదనేవారు కాదు. ప్రతి ఏడూ మా చీకటిగది షావుకారు గారి కాయలకే. గడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి వాళ్ళ మనుషులు వెళ్ళిపోతే, అక్కణ్ణుంచి ఆ గది నాయనమ్మది.

రోజూ పొద్దున్న ఆవిడ గడ్డిలోకి మోచేతులదాకా చేతులు దూర్చి, ఒక్కో కాయనీ పట్టుకుని, తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, తిప్పి మళ్ళీ పెట్టేది. ఇది రేపు, ఇది ఎల్లుండి, ఇది ఇవాళే, ఇది దెబ్బ తగిలిన కాయ అని చెబుతుంటే నేను పక్కన కూర్చుని బుట్టలు మార్చేదాన్ని. తన గుమాస్తాల మాట నమ్మని షావుకారు గారు నాయనమ్మని పిన్నిగారూ అని పిలిచేవారు, పిన్నిగారి వేలికి తిరుగులేదని బజార్లో అందరికీ చెప్పేవారు. ఆ గదిలో వెచ్చగా, తియ్యగా, ఊపిరాడీ ఆడనట్టు ఉండేది. పరీక్షలకి కూడా అంత శ్రద్ధగా నేనెప్పుడూ కూర్చోలేదు.

నా పదో ఏడు దసరాకి షావుకారు గారు వచ్చి, ఇల్లు పడగొట్టి షాపులు కడతాను, ఖాళీ చెయ్యండి అన్నారు. నాన్న పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా, నెమ్మదస్తుడు, ఎదుటివాళ్ళు గొంతు పెంచకముందే సరేననే రకం. ఆయన నిజంగానే ఇళ్ళు వెతికారు. ఒకచోట మెట్లు నిటారుగా ఉన్నాయి, ఒకచోట నుయ్యి వీధి చివర ఉంది, ఇంకోచోట ముసలావిడని చూసి ఇల్లుగలావిడే వద్దంది. నాయనమ్మ కోసం నాలుగు అడుగుల చోటైనా తిన్నగా ఉండే ఇల్లు దొరికేదాకా గడువు ఇవ్వమని నాన్న అడిగారు. షావుకారు గారు మొదట తలూపారు, సంక్రాంతి వెళ్ళాక తలూపడం మానేశారు. "ఈ ఇల్లు పోతే అత్తయ్యగారికి కళ్ళు రెండోసారి పోయినట్టేనండీ" అని అమ్మ నాన్నతో అన్న మాట నేను పక్కగదిలోంచి విన్నాను. ఆరోజే నాకు భయం పట్టుకుంది.

ఆ తర్వాత ఇల్లు ముక్కలు ముక్కలుగా పోవడం మొదలైంది. ఒకరోజు బావి గిలక రిపేరుకని ఊడదీసి తీసుకెళ్ళారు, మళ్ళీ తేలేదు. నాయనమ్మ వట్టి చేంతాడుతో తోడబోతే చేయి ఒరుసుకుపోయి వారం రోజులు వెన్న రాసుకుంది. ఇంకోరోజు కరెంటు పోతే మా ఒక్క ఇంటికే పోయింది, ఫ్యూజు డబ్బా షావుకారు గారి ప్రహరీ లోపల ఉండేది. శివరాత్రి అయ్యాక పెంకులు సర్దిస్తానని మనుషుల్ని ఎక్కించి, వంటింటి మీద పెంకులన్నీ దింపి పెరట్లో గుట్ట పోయించి వెళ్ళిపోయారు. అమ్మ తాటాకులు కప్పి వంట చేసేది. సిగ్గులేని వయసు, ఆ గుట్టలో విరిగిన ముక్కలు ఏరుకుని మేం ఏడుపెంకులాట ఆడేవాళ్ళం. మా ఇంటి కప్పుతోనే నేను ఆడుకుంటున్నానని ఒకరోజు హఠాత్తుగా అర్థమై, బంతి అవతల పారేసి ఇంట్లోకి పోయాను.

అప్పుడు అమ్మ ఒక రూలు పెట్టింది. ఇల్లు ఒక్క గంట కూడా ఖాళీగా ఉండకూడదు, చూపులేని నాయనమ్మ ఒక్కతే ఉన్నా చాలదు. ఊళ్ళో ఇలాగే ఒకరు తిరునాళ్ళకి వెళ్ళొచ్చేసరికి సామాను వీధిలో ఉందట. ఇక చూడండి మా బతుకు. నాన్న వస్తేగాని అమ్మ గుడికి వెళ్ళదు, అమ్మ వస్తేగాని నేను ఆటకి వెళ్ళకూడదు, బడిలో ఒంటిపూట గంట కొట్టగానే నేను సంచీ ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చి సందు మొగలో నిలబడి తలుపు తెరిచి ఉందో లేదో చూసేదాన్ని. తెరిచి ఉంటే చాలు, మళ్ళీ తాపీగా నడిచేదాన్ని. రాత్రి కలలో కూడా పరుగే.

ఇంత జరుగుతుండగా వైశాఖంలో షావుకారు గారి మనుషులు గడ్డిమోపులతో వచ్చి నిలబడ్డారు, గది కావాలని. ఆ ఏడు వాళ్ళమ్మాయికి కొత్తగా పెళ్ళయింది, వియ్యాలవారికి మొదటి వేసవి పంపాల్సిన పండ్లు, సొంత తోటలో చేత్తో కోయించిన పెద్దరసాలు. అమ్మ ముఖం చూడాలి అప్పుడు. గిలక లేదు, కరెంటు లేదు, కప్పు లేదు, గది మాత్రం కావాలా అంది. నాయనమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. "కాయలేం చేశాయే అమ్మాయ్, పెట్టుకోనీ" అంది. మా వైపు మనుషుల పిచ్చి అది, ఎన్ని తగాదాలున్నా మగ్గడానికొచ్చిన కాయల్ని గుమ్మంలోంచి పంపెయ్యరు. షావుకారు గారికీ అదే పిచ్చి, ఎవర్ని వెళ్ళగొట్టాలనుకుంటున్నారో వాళ్ళ చేతికే తన వియ్యాలవారి పండ్లు అప్పగించారు.

కాయలు వేసిన నాలుగోరోజే ముసునూరులో నాయనమ్మ చెల్లెలి మనవడి పెళ్ళి. చెల్లెలు స్వయంగా బండి పంపింది, అక్క రాకపోతే ముహూర్తం జరగదని కబురు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం, షావుకారు గారి కాయలు లోపలున్నాయి కదా, ఇంకేం చేస్తాడులే అనుకున్నాం. అమ్మ తలుపు మధ్య గడియకి మా తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి బండెక్కింది. ఆ లాగడం చూసే నేను నేర్చుకున్నాను.

పొద్దు వాలకముందే తిరిగొచ్చాం. సందు మొగలోనే నాకు తెలిసిపోయింది. మా తాళం మా తాళంగానే ఉంది, దానిపైన, గుమ్మం కమ్మీకి ఉండే గొలుసుకి, పిడికిలంత ఇత్తడి తాళం ఇంకోటి. బండి వాడు నాయనమ్మని దింపితే, ఆవిడ అలవాటు ప్రకారం అరుగు అంచు తడుముకుంటూ వెళ్ళి తలుపు మీద చేయి వేసి, పైకి జరిపి, ఆ ఇత్తడి తాళాన్ని పట్టుకుంది. "ఇది మనది కాదు కదే" అంది.

నాన్న షావుకారు గారింటికి వెళ్ళి అడిగితే, మీ తాళం తీయండి, సామాను తీసుకోండి, మా మనుషులు సాయం చేస్తారు అని కబురొచ్చింది. నాన్న తిరిగొచ్చి జేబులోంచి తాళంచెవి తీశారు కూడా. అప్పుడు ఎదురింటి అరుగు మీదినుంచి సుబ్బారావు గారు లేచొచ్చారు. ఆయన ప్లీడరు గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి, బక్కగా, మెల్లకన్నుతో, ఎప్పుడూ పొడుం పీలుస్తూ ఉండేవారు. ఆయన అన్న మాటలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "ఇల్లు ఆయనదేనండీ, కాదనేవాళ్ళు లేరు. కాపురం మీది. కాపురమున్నవాళ్ళని లేపాలంటే కోర్టు కాగితం కావాలి, తాళంకప్ప చాలదు. ఆయన తాళం మీరు ముట్టుకోకండి, మీ తాళం మీరు తీయకండి, అరుగు దిగకండి."

అమ్మ నాన్న చేతిలోంచి తాళంచెవి తీసుకుని కొంగుకి ముడేసుకుంది. సుబ్బారావు గారు రాసిచ్చిన ఫిర్యాదు కాగితం నాన్న పోలీసు స్టేషన్లో ఇచ్చి రశీదు తెచ్చుకున్నారు. మేం అరుగు మీద ఉండిపోయాం. ఒకరు చాపలు ఇచ్చారు, ఒకరు పప్పన్నం పంపారు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అమ్మ ఒకటే చెప్పేది, కోర్టు కాగితం తెస్తే వెళతాం అని. షావుకారు గారికి ముందు తట్టని సంగతి మర్నాటికి తట్టింది. తన తాళం తను తీసుకున్నా లోపలికి వెళ్ళలేరు, మా తాళం ఉంది. మా తాళం పగలగొడితే, రశీదు ఉంది. పెరటి తలుపుకి లోపల గడియ, వంటింటి తాటాకులు పీకి దిగినా అదే రశీదు. పండ్లేమో లోపల.

రెండోరోజు మధ్యాహ్నం తలుపు సందుల్లోంచి వాసన మొదలైంది. నాయనమ్మ తల అటు తిప్పి కూర్చుంది. రేపు తీయాలి అంది. కాసేపటికి, లేదే, సాయంత్రానికే తీయాలి, దక్షిణం గోడవైపు వేసినవి ముందు మగ్గాయి అంది. అరుగు మీద ఆవిడకి అడుగుల లెక్క లేదు, బావి లేదు, నన్ను పట్టుకుని పక్కింటి పెరట్లోకి వెళ్ళి రావాలి. అదంతా ఓర్చుకుంది గానీ ఆ వాసన ఓర్చుకోలేకపోయింది. మూడోరోజు పొద్దున్న అమ్మ చేయి పట్టుకుని తాళంచెవి ఇచ్చెయ్యమని ఏడ్చింది. అమ్మ ఇవ్వలేదు. నాకు నాయనమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. నీకోసమే కదా ఇదంతా, ఆ కాయలు కుళ్ళితే నీకేంటి అని అరిచాను. ఆవిడ ముఖం మళ్ళీ తలుపు వైపు తిప్పుకుంది. ఆ అరుపుకి ఇప్పటికీ నాకు సిగ్గు.

కాసేపటికి షావుకారు గారే వచ్చారు. ఇంట్లో ఆవిడ వియ్యాలవారికి ఏం చెప్పమంటారని నిలదీసి ఉంటుంది. సందులో సగం మంది అరుగుల మీద ఉన్నారు. ఆయన చెప్పుల చప్పుడు నాయనమ్మకి తెలుసు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"నాయనా, నీ తాళం నువ్వు తీసుకో. నేను లోపలికెళ్ళి కాయలు తిప్పాలి. మమ్మల్ని పొమ్మనాలంటే కోర్టులో అడుగు, గుమ్మంలో కాదు."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి అమ్మ వైపు చూశారు, ముందు నువ్వు తియ్యి అన్నట్టు. "ముందు మీరండీ" అంది అమ్మ. ఆయన గొలుసు తాళం తీసి చేతిలో పట్టుకున్నారు. అప్పుడు అమ్మ కొంగు ముడి విప్పింది.

నాయనమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా గడప దాటి, సావిడి దాటి, కుడివైపు తిరిగి చీకటిగదిలోకి వెళ్ళిపోయింది. మేం వెళ్ళేసరికి గడ్డిలో మోచేతులదాకా చేతులున్నాయి. సగానికి పైగా పోయాయి. మిగిలినవాటిలోంచి రెండు బుట్టల పండ్లు ఏరి, తొడిమలు పైకి పెట్టి సర్దించి, ఇవాళే పంపించెయ్ నాయనా అంది. షావుకారు గారు గడప మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. తప్పైందని అనలేదు. మర్నాడు గిలకా కరెంటూ వచ్చాయి, తొలకరికి ముందు పెంకులు కప్పుకెక్కాయి.

ఆ తర్వాత ఆయన కోర్టులో వేశారు. అది ఆయన హక్కు, అమ్మ కూడా అదే అనేది. కాగితాలు వచ్చేవి, నాన్న వాయిదాలకి వెళ్ళొచ్చేవారు, చీకటిగదిలో కాయలు మగ్గేవి. నాయనమ్మ ఇంకో రెండు వేసవులు ఏడు అడుగులూ ఇరవై రెండు అడుగులూ నడిచింది. రెండో ఏడు కాయలు అయిపోయాక, ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లోనే, తన మంచం మీదే పోయింది. కర్మకాండలయ్యాక తీర్పు రాకముందే అమ్మ వెళ్ళి, ఇక మాకీ ఇల్లు అక్కర్లేదండీ అని తాళంచెవి షావుకారు గారి చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకుని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపూ, దాని పక్కన ఫ్యాన్సీ కొట్టూ ఉన్నాయి. బావి ఏ టైల్స్ కింద ఉందో తెలియదు. రసాలు మగ్గే చీకటిగదులు ఊళ్ళో ఎక్కడా లేవు, కాయలు గ్యాసు పెట్టిన గదుల్లోంచి ఒకే పసుపురంగుతో బయటికొస్తున్నాయి, వాటిని ఎవరూ తిప్పక్కర్లేదు. గడ్డిలో వేసుకునేది రత్నకుమారిలాంటి వాళ్ళు ఒకరో ఇద్దరో.

ఇందాక మేకుకున్న తాళంచెవి తీసుకుని మేడెక్కాను. తలుపు తీసి, ఎందుకనిపించిందో, కళ్ళు మూసుకుని మంచం వైపు నడిచాను. ఇల్లు నేనే దగ్గరుండి కట్టించాను, ప్రతి గోడా నాకు తెలుసు. మూడో అడుగులో కుట్టుమిషను తగిలింది, అయిదో అడుగులో పిల్ల పుస్తకాల స్టూలుకి మోకాలు కొట్టుకుంది. కళ్ళు తెరిచి నేల మీద కూర్చుని కాయలు తిప్పాను. ఏడు పండాయి. ఏడింటినీ ఆవిడ వంటింట్లో పళ్ళెంలో పెట్టి, ఫోను చేసి, పండ్లు తయారయ్యాయి, పిల్లల్ని తీసుకుని త్వరగా రమ్మన్నాను.

కిందినుంచి మా ఆయన కేకేశారు, తాళం వేశావా అని.

"వేశానండీ, వాళ్ళదే" అన్నాను. కొత్తది కొట్లో తిరిగి ఇచ్చేయమని, ఖాళీ చెయ్యమనాలంటే కాగితం పెట్టి అడుగుదామని కూడా మెట్ల మీదినుంచే చెప్పాను. ఆయన ఏమన్నారో వినలేదు. నాలుగు మెట్లు దిగినదాన్ని మళ్ళీ పైకెక్కి, రత్నకుమారి తాళాన్ని ఇంకోసారి లాగి చూస్తున్నాను.